బ్రౌజర్‌కు కాపలా: భద్రత ఎంత, సౌకర్యం ఎంత?

మీరు ఒక వార్తాపత్రిక వెబ్‌సైటు తెరిచారనుకుందాం. తెరమీద కనిపించేది ఒక్క పేజీయే. కానీ దాన్ని మీ ముందుంచడానికి బ్రౌజర్ ఎన్నో సర్వర్లను పలకరిస్తుంది. వార్త ఒకచోటి నుంచి, బొమ్మలు మరోచోటి నుంచి, ప్రకటనలు ఇంకెక్కడి నుంచో వస్తాయి. వాటితోపాటు స్క్రిప్టులూ దిగుతాయి. స్క్రిప్టు అంటే మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామే. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ తొలిరూపం తయారుచేసిన జావాస్క్రిప్ట్ భాషలో వీటిని రాస్తారు.

బ్రౌజర్ ఈ స్క్రిప్టును మీ ఫైళ్ళ జోలికి పోనివ్వదు. కానీ ఆ పేజీలో మీరు టైపు చేసే ప్రతి అక్షరాన్నీ, పాస్‌వర్డుతో సహా, అది చదవగలదు. ఇక్కడే ప్రమాదం ఉంది.

దీనికి విరుగుడుగా 2005లో ఇటలీకి చెందిన జార్జియో మావోనే ఫైర్‌ఫాక్స్ కోసం ‘నోస్క్రిప్ట్’ అనే యాడ్-ఆన్ తయారుచేశారు. దాని సూత్రం చాలా సరళం: మీరు నమ్మకమని చెప్పిన సైటు స్క్రిప్టు తప్ప మరేదీ నడవదు. భద్రత దృష్ట్యా ఇంతకన్నా గట్టి ఏర్పాటు ఉండడం కష్టం. మరి అందరూ ఎందుకు వాడడం లేదు?

మా మేనల్లుడి కంప్యూటర్‌లో దాన్ని నేనే పెట్టాను. ఒక ప్రవేశపరీక్షకు రుసుము కట్టే చివరి రోజు సాయంత్రం. దరఖాస్తు పేజీ నుంచి చెల్లింపుల సంస్థకు, అక్కడినుంచి బ్యాంకుకు వెళ్ళాడు. అడిగిన చోటల్లా అనుమతి ఇచ్చుకుంటూ పోయాడు. ఓటీపీ కొట్టాడు, డబ్బు పోయింది. తిరుగు ప్రయాణంలో మాత్రం తెల్లని పేజీ! డబ్బు అందినట్లు దరఖాస్తు సైటుకు చెప్పవలసిన చిన్న స్క్రిప్టు మరో కొత్త చిరునామా నుంచి వచ్చింది. నోస్క్రిప్ట్ దాన్ని ఆపేసింది. దరఖాస్తులో ‘రుసుము చెల్లించలేదు’ అనే ఉంది. వేరే బ్రౌజర్‌లో మళ్ళీ డబ్బు కట్టి రాత్రి పదకొండింటికి గట్టెక్కాం. మొదటి సొమ్ము కొన్నాళ్ళకు తిరిగివచ్చింది. తప్పు బ్యాంకుదీ కాదు, పరీక్ష నిర్వాహకులదీ కాదు, నాదే.

ఆ తరువాత మావాడు ఏ పేజీ మొరాయించినా ‘అన్నిటినీ అనుమతించు’ నొక్కడం అలవాటు చేసుకున్నాడు. పేరుకు కాపలా ఉంది, తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంది! విసిగించే భద్రత చివరికి భద్రత లేకపోవడంతో సమానమవుతుందని నాకప్పుడు తెలిసింది.

విసిగించనివీ లేకపోలేదు. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, టోర్ ప్రాజెక్టు కలిసి తెచ్చిన ‘హెచ్‌టీటీపీఎస్ ఎవ్రీవేర్’ అలాంటిది. పోస్టుకార్డు మీద రాసినట్లు పోయే సమాచారాన్ని, వీలున్న సైట్లలో, అంటించిన కవరులో పెట్టి పంపేది. వాడేవారికి పెద్దగా పని ఉండేది కాదు. ఆ సదుపాయం బ్రౌజర్లలోనే చేరిపోవడంతో 2023లో దాన్ని విరమించారు. (అన్నట్టు, కవరు అంటించి ఉన్నంత మాత్రాన అవతల అందుకునేవాడు మంచివాడని అర్థం కాదు.) 2014లో రేమండ్ హిల్ తెచ్చిన ‘యూబ్లాక్ ఆరిజిన్’ది మధ్యేమార్గం. అది తెలిసిన చెడ్డ చిరునామాల జాబితా దగ్గర పెట్టుకుని వాటినే ఆపుతుంది. జాబితాకెక్కని కొత్త దొంగ తప్పించుకోవచ్చు, కానీ రుసుము పేజీలు సాధారణంగా ఆగిపోవు. విద్యార్థులకు నేను దీన్నే సూచిస్తాను. గూగుల్ నిబంధనలు మారడంవల్ల క్రోమ్‌లో ఇప్పుడు దాని ‘లైట్’ రూపమే దొరుకుతుంది, ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి రూపం పనిచేస్తుంది.

ఇక కంచే చేను మేసిన సందర్భాలు. సైట్లు నమ్మదగినవో కావో చెప్పే ‘వెబ్ ఆఫ్ ట్రస్ట్’ యాడ్-ఆన్, వాడుకదారులు ఏయే పేజీలు చూశారో సేకరించి ఇతరులకు అందజేస్తోందని 2016లో జర్మనీ ప్రసార సంస్థ ఎన్‌డీఆర్ బయటపెట్టింది. ‘గ్రేట్ సస్పెండర్’ ఎంతో మంది వాడిన మంచి యాడ్-ఆన్. యజమాని మారాక దానిలో హానికర ప్రోగ్రాము చేరిందంటూ 2021లో గూగుల్ తొలగించింది. కనుక యాడ్-ఆన్ పెట్టేముందు అది అడిగే అనుమతి చదవండి. ‘అన్ని వెబ్‌సైట్లలోని మీ సమాచారాన్ని చదవడం, మార్చడం’ అని ఉంటే, మీ బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది. రంగులు మార్చే యాడ్-ఆన్‌కు అంత అధికారం ఇవ్వాలా, మీరే ఆలోచించండి.

ఇప్పుడు మా మేనల్లుడు రెండు బ్రౌజర్లు వాడుతున్నాడు. ఒకటి యాడ్-ఆన్లేవీ లేకుండా రుసుములకూ బ్యాంకుకూ మాత్రమే. నోస్క్రిప్ట్ రెండోదానిలో ఉంది, తెలియని సైట్లన్నీ అందులోనే చూస్తాడు.