పాత కంప్యూటర్‌కి లినక్స్ ఎందుకు? ఎలా?

మూలన పడేసిన కంప్యూటర్ మళ్లీ పనికొస్తుందా? చాలాసార్లు వస్తుంది, లినక్స్ వేస్తే!

లినక్స్ అంటే?
మెమరీ, డిస్క్, కీబోర్డు, తెర అన్నిటిచేతా పని చేయించేది ఆపరేటింగ్ సిస్టమ్. అందులో అసలు భాగం కెర్నల్. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ రాసి అందరి ముందూ పెట్టాడు. దాని కోడ్‌ని ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో నడిచేదీ ఈ కెర్నలే.

పాతదానికి ఎందుకు నప్పుతుంది?
లినక్స్‌లో తెరమీద కనిపించే కిటికీలు, మెనూల అమరికని (దీన్నే డెస్క్‌టాప్ అంటారు) మనమే ఎంచుకోవచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ ఎంచుకుంటే తక్కువ మెమరీతోనే పని జరుగుతుంది.

ఎలా వేసి చూడాలి?
లినక్స్ కెర్నల్‌తో తయారైన లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్ దించుకుని, దాంతో బూటబుల్ పెన్‌డ్రైవ్ (కంప్యూటర్‌ని మొదలుపెట్టగల పెన్‌డ్రైవ్) చేయాలి. ఫైల్‌ని ఊరికే కాపీ చేస్తే చాలదు. కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కి (కొన్నిటిలో వేరే కీ) పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవాలి. అప్పుడు లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకూ హార్డ్‌డిస్క్‌లోని మీ ఫైళ్లు అలాగే ఉంటాయి. నచ్చి ఇన్‌స్టాల్ చేయాలనుకుంటే, ముందు ఫొటోలు, ఫైళ్లు వేరేచోట దాచుకోండి. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

ఏమేం చేయొచ్చు?
లిబ్రేఆఫీస్‌లో స్కూలు ప్రాజెక్టు రాయొచ్చు, జింప్‌లో ఫొటోలు దిద్దొచ్చు, వీఎల్‌సీలో సినిమా చూడొచ్చు. స్టెల్లేరియంలో మీ ఊరు ఎంచుకుంటే, ఈ రాత్రి శనిగ్రహం ఆకాశంలో ఏ వైపున ఉంటుందో చూపిస్తుంది. ఇవన్నీ ఉచితమే.

చిక్కులు లేవా?
ఉన్నాయి. విండోస్ కోసమే చేసిన కొన్ని ఆటలు నడవవు. కొన్ని ప్రింటర్లు, వైఫై కార్డులూ మొరాయిస్తాయి. అందుకే ముందు పెన్‌డ్రైవ్‌తో పరీక్షించడం మంచిది.