పురిటికి పుట్టింటికి వచ్చే చేపలు

క్రితం నెల సమావేశంలో ఇసాక్వా సాల్మన్‌ హేచరీ యాత్ర ఏర్పాట్లు సభ్యులందరూ కలిసి మా దంపతుల నెత్తిన పెట్టారు. "మీలో ఒకరు పురుళ్ళ డాక్టరు కదా, చేపల పురుళ్ళు కూడా మీరే చూపించండి" అని ఒక పెద్దాయన అంటే అందరూ నవ్వారు. మేమూ నవ్వి ఒప్పుకున్నాం. తీరా పనిలోకి దిగాక తెలిసింది, ఇది పార్కులో పులిహోర తిని వచ్చినంత తేలిక కాదని.

రెండేళ్ళ క్రితం మన సంఘం ఒకసారి అక్కడికి వెళ్ళిన సంగతి పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. పిల్లలకు సెలవులని జూలైలో పెట్టుకున్నాం. పదకొండు కార్లలో వెళ్ళాం. తొట్లలో వేలెడంత చేపపిల్లలు తప్ప మరేమీ లేవు. "పెద్ద చేపలు ఏవి?" అని పిల్లలు అడిగితే, "సముద్రంలో ఉన్నాయి, వస్తాయి" అని చెప్పి ఐస్‌క్రీం కొనిపెట్టి తీసుకొచ్చాం. తప్పు హేచరీది కాదు, మనదే. ముందుగా ఎవరినీ అడగలేదు.

చేపల రాకకు ఒక పంచాంగం ఉంది. చినూక్‌ అనే పెద్ద జాతి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇసాక్వా వాగులోకి వస్తుంది. కోహో జాతి అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. అక్టోబరు మధ్యలో వెళితే రెండూ కనిపించే వీలుంది. అక్టోబరు మొదటి శని, ఆదివారాల్లో ఆ ఊళ్ళో సాల్మన్‌ డేస్‌ అనే తిరునాళ్ళు జరుగుతాయి. మన రథోత్సవాలకు ఏమీ తీసిపోదు, కారు నిలపడానికి జాగా దొరకదు. అందుకని మూడవ శనివారం నిశ్చయించాం. హేచరీ మిత్రబృందం వారు గుంపులుగా వచ్చేవారికి దగ్గరుండి చూపించి వివరిస్తారు, కాని ముందుగా చెప్పి పెట్టుకోవాలి. పిల్లలెందరు, పెద్దలెందరు అన్న లెక్క వారికి ఇవ్వాలి కనుక పేర్లు త్వరగా పంపవలసిందిగా మనవి.

మన కోస్తాలో రొయ్యపిల్లల హేచరీలు చూసినవారికి ఇది కొత్తగా ఉంటుంది. అక్కడ తల్లి రొయ్యలను తెచ్చుకుంటారు. ఇక్కడ తల్లులు వాటంతట అవే వస్తాయి. పసిఫిక్‌ సముద్రంలో రెండు మూడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తిరిగి, పూజెట్‌ సౌండ్‌లోకి వచ్చి, సియాటిల్‌లో బల్లార్డ్‌ లాక్స్‌ దగ్గర ఉప్పునీరు దాటి మంచినీటిలోకి ఎక్కుతాయి. ఆ లాక్స్‌ 1917లో ప్రారంభమయ్యాయి. చేపలెక్కే మెట్లను 1976లో తిరిగి కట్టారు, మెట్లు ఇరవై ఒకటి. అక్కడి నుంచి లేక్‌ యూనియన్‌, లేక్‌ వాషింగ్టన్‌, సమామిష్‌ నది, లేక్‌ సమామిష్‌ దాటితే గాని ఇసాక్వా వాగు రాదు. మనం ఐ-90 మీద 17వ ఎగ్జిట్‌లో దిగి రెండు నిమిషాల్లో చేరే చోటుకి అవి ఇంత చుట్టు తిరిగి వస్తాయి.

దారి ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు కొంత ఈ వాగులోనే దొరికిందంటే మేమే ఆశ్చర్యపోయాం. విస్కాన్సిన్‌ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థర్‌ హాస్లర్‌, వారెన్‌ విస్బీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇసాక్వా వాగు రెండు పాయల్లోకి వచ్చిన కోహో చేపలను పట్టి, కొన్నింటి ముక్కుల్లో దూది కుక్కి, అన్నింటినీ పాయలు కలిసే చోటికి దిగువన వదిలారు. ముక్కు తెరిచి ఉన్నవి చాలావరకు తమ పాయలోకే తిరిగి వెళ్ళాయి. దూది పెట్టినవి దారి తప్పి ఎటు పడితే అటు పోయాయి. 1954లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పుట్టిన నీటి వాసన పసితనంలోనే మెదడులో ముద్ర పడుతుందన్నమాట. ఇంగువ పోపు వాసనకు మన ప్రాణం ఎక్కడికి పోతుందో తలుచుకుంటే ఇది నమ్మడం కష్టం కాదు.

ఈ హేచరీని 1936లో, ఆర్థికమాంద్యం రోజుల్లో, నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకం కింద కట్టారు. కలపకోత, బొగ్గుగనుల మూలంగా అప్పటికి వాగు పాడై చేపలు దాదాపు లేకుండా పోయాయి. బయటి నుంచి గుడ్లు తెచ్చి పొదిగించి వదిలారు. అంతకు ఎన్నో తరాల ముందునుంచే ఈ చేపల మీద బ్రతికినవారు ఇక్కడి ఆదివాసులు. పట్టదగిన చేపల్లో సగం వాటా ఒడంబడికల ప్రకారం వారిదేనని 1974లో జడ్జి జార్జి బోల్ట్‌ తీర్పు ఇచ్చారు. 1979లో సుప్రీంకోర్టు దానిని చాలావరకు ఖాయం చేసింది. పిల్లలకు ఈ ముక్క తప్పక చెప్పాలి. మనం వచ్చింది ఖాళీ దేశానికి కాదు.

ఇక అసలు తగాదా. హేచరీలో గుడ్లు తీసే పని చూడాలా, వద్దా?

దాచకుండా చెబుతాం. చేపలు మెట్లెక్కి తొట్లలోకి వచ్చాక ఆడ, మగ వేరు చేస్తారు. పక్వానికి వచ్చినదాన్ని తలమీద దెబ్బతో చంపుతారు. ఆడచేప పొట్ట చీలిస్తే గుడ్లు బకెట్‌లో పడతాయి, ఒక్కో చినూక్‌లో వేలకొద్దీ ఉంటాయి. మగచేప బీజాన్ని వాటి మీద పిండి, కలిపి, నీళ్ళు పోస్తారు. నీరు తగిలాక ఆ బీజకణాలకు ఉండే చలాకీ నిమిషం కూడా నిలవదు, కనుక పని చకచకా జరగాలి. తరువాత గుడ్లను పారే చల్లటి నీటిలో పళ్ళేల మీద పొదిగిస్తారు. నెల తిరిగేసరికి గుడ్డులో రెండు నల్లటి కళ్ళు కనబడతాయి. ఆ కళ్ళు చూసినవారు మరచిపోరు.

సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "మా ఇంట్లో గుడ్డు కూడా రాదు, ఆరేళ్ళ పిల్లకు ఈ హత్య చూపించమంటారా?" అని అడిగారు. మరొకరు, "వండుకు తింటే లేనిది చూస్తే తప్పొచ్చిందా?" అన్నారు. మాటా మాటా పెరిగింది. ఇంటికి వెళ్ళాక ఆవిడ ఫోన్‌ చేసి, యాత్రకు తాము రామన్నారు. మాకు బాధ కలిగింది. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది.

వైద్యులుగా మేము చెప్పగలిగింది ఒకటుంది. ఆ చేప ఎలాగూ చావవలసిందే. వాగులోకి వచ్చాక అది తిండి మానేస్తుంది. కార్టిసాల్‌ వంటి హార్మోనులు విపరీతంగా పెరిగి, ఒంటి రక్షణశక్తి సన్నగిల్లి, చర్మం బూజుపట్టి, గుడ్లు పెట్టిన కొద్ది రోజుల్లో పోతుంది. దీన్ని శోధించినవారిలో ముఖ్యులు ఆస్వాల్డ్‌ రాబర్ట్‌సన్‌ అనే వైద్యుడు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, సైనికుల కోసం రక్తం ముందుగా సేకరించి నిలవ చేసినవారు ఆయనే. ఉద్యోగ విరమణ తరువాత సాల్మన్‌ మీద పడ్డారు. కొకనీ అనే చిన్న సాల్మన్‌కు బీజాలు తీసేస్తే మామూలు ఆయుర్దాయం మించి చాలా ఏళ్ళు బ్రతికాయని 1961లో ప్రకటించారు.

క్రితం అక్టోబరులో మేమిద్దరం మూడో నెల పాపను తీసుకొని అక్కడికి వెళ్ళాం. మాలో ఒకరికి తల్లి, మరొకరికి అత్తగారు అయిన పెద్దావిడ వెంట ఉన్నారు. మన ఆడపిల్లలు ఇక్కడ పురిటికి పుట్టింటికి వెళ్ళరు కదా, పుట్టిల్లే ఆరు నెలల వీసా మీద విమానమెక్కి వస్తుంది. ఆవిడది ధవళేశ్వరం దగ్గర ఊరు. వాగుకు అడ్డంగా ఉన్న కట్ట దగ్గర ఒక ఆడచేప తోక చీలికలై, వీపు తెల్లబడి, మళ్ళీ మళ్ళీ ఎగిరి పడుతుంటే చాలాసేపు చూశారు. "మా పులస కూడా వరదకు ఎదురెక్కి వస్తుంది. ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. కాని అది గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోతుంది. దీనికి ఆ భాగ్యం కూడా లేదా?" అన్నారు. లేదన్నాం. షెడ్డులో గుడ్లు తీస్తుంటే మేము ఆవిడను పక్కకు తీసుకుపోబోయాం. రానన్నారు. పాపను భుజాన వేసుకొని చివరిదాకా నిలబడి చూశారు. కారెక్కాక, "మీ నాన్నగారు పోయేముందు కూడా ఇలాగే తిండి మానేశారు" అని మాత్రం అన్నారు. ఆ రోజుల్లో మేము ఇక్కడ డ్యూటీలో ఉన్నాం. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. దారిపొడుగునా ఎవరమూ మాట్లాడలేదు.

అందుచేత మా నిర్ణయం ఇది. గుంపును రెండు చేస్తాం. ఇష్టమైనవారు షెడ్డు దగ్గరికి, తక్కినవారు వంతెన మీదికి, చేపలు గాజు వెనుక కనబడే కిటికీల దగ్గరికి. ఏ పిల్లను ఎటు పంపాలో తల్లిదండ్రులే చెబుతారు, ఎవరూ ఎవరినీ వెక్కిరించకూడదు. ఆ రోజు గుడ్లు తీసే పని ఉండవచ్చు, లేకపోవచ్చు. అది చేపల రాకను బట్టి ఉంటుంది. ఫోన్‌ చేసిన సభ్యురాలిని మళ్ళీ కలిసి ఈ మాటే చెప్పాం. ఆలోచిస్తామన్నారు.

కార్ల విషయం. ఈసారి పదకొండు వద్దు. వాన పడినప్పుడు పట్టణాల వాగుల్లో కోహో చేపలు గుడ్లు పెట్టకుండానే గంటల్లో, తూలుతూ నోరు తెరిచి ఎందుకు చస్తున్నాయో చాలాకాలం అంతుపట్టలేదు. టైర్లలో కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారి రోడ్డు మీది నీటితో వాగులోకి చేరుతోందని 2020 చివరలో వాషింగ్టన్‌ రాష్ట్ర శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మనం చూడబోయే చేపను మన బండే చంపడం బాగుండదు. నాలుగు వ్యాన్లు చాలు.

భోజనాలు లేక్‌ సమామిష్‌ స్టేట్‌ పార్కులో. అక్కడ కారు నిలపడానికి డిస్కవర్‌ పాస్‌ కావాలి. ఉన్నవారు తెలియజేయండి. అక్టోబరు కనుక గొడుగులు, పిల్లలకు రబ్బరు బూట్లు తప్పనిసరి. హేచరీ చేప తెచ్చి పులుసు పెట్టుకోవచ్చా అని ముగ్గురు విడివిడిగా అడిగారు. అమ్మరు. పైగా అక్కడికి చేరేసరికి దాని కండలో సారం ఏమీ మిగలదు. పులిహోర, గారెలు మా ఇంటి నుంచి వస్తాయి. పెరుగన్నం ఎవరు తెస్తారో ఇంకా తేలలేదు.