నేల ఉసిరి, కామెర్ల వైరస్

తొలకరి పడగానే చేలగట్ల మీద జానెడెత్తున మొలిచి, చింతాకును తలపించే ఆకుల రెమ్మల అడుగున ఆవగింజలంత పచ్చి కాయలను వరుసగా దాచుకునే నేల ఉసిరిని పల్లెల్లో తరతరాలుగా కామెర్లకు పసరుమందుగా వాడుతున్నారు. అయితే కామెర్లు రోగం కాదు, లక్షణం. బిలిరుబిన్ అనే పసుపు పదార్థం రక్తంలో పేరుకోవడానికి ఉన్న అనేక కారణాల్లో హెపటైటిస్-బి వైరస్ ఒకటి మాత్రమే.

ఆ వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ బృందం, వైరస్ తన జన్యుపదార్థానికి నకళ్లు తీసుకోవడానికి వాడే డీఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమును నేల ఉసిరి సారం పరీక్షనాళికలో అడ్డుకుంటున్నట్లు 1987లో ప్రకటించింది. మరుసటి ఏడు మద్రాసు పరిశోధకులు ఆయనతో కలిసి, వైరస్ వాహకులకు 30 రోజులు ఈ మందిస్తే 37 మందిలో 22 మంది రక్తం నుంచి వైరస్ పైపొర ప్రొటీన్ మాయమైందనీ, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగిందనీ లాన్సెట్ పత్రికలో రాశారు.

ఆశ్చర్యకరమైన ఈ ఫలితం, థాయ్‌లాండ్‌తో సహా ఇతర చోట్ల జరిపిన పరీక్షల్లో పునరావృతం కాలేదు. ఒకే పేరుతో చెలామణి అయ్యే మొక్కలు పలు జాతులవి కావడం, నేలను బట్టి, రుతువును బట్టి సారంలోని పదార్థాల పాళ్లు మారడం ఇలాంటి పరిశోధనలకు పాత చిక్కే. నేడు హెపటైటిస్-బికి వైద్యులు ఇస్తున్న టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు అడ్డుకునేది కూడా ఆ పాలిమరేజ్‌నే.