మధుమేహానికి లంఖణం మందు కాదు



జ్వరం వస్తే లంఖణం పరమౌషధమన్నారు పెద్దలు. మామూలు మనిషికి ఒక పూట పస్తుంటే వచ్చే నష్టమేమీ లేదు. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న అత్తగారికో, మామగారికో జ్వరం తగిలినప్పుడు మాత్రం ఆ మాట పక్కన పెట్టాలి. "పొద్దుటినించీ ఏమీ తినలేదు కదా, ఇవాళ ఇన్సులిన్ ఎందుకులెండి" అని సూది మానేస్తాం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

తినకపోతే చక్కెర ఎలా పెరుగుతుందని మీరడగవచ్చు. జ్వరంతో పోరాడేటప్పుడు శరీరంలో కొన్ని హార్మోనులు ఎక్కువవుతాయి. వాటి మూలంగా కాలేయం తాను దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ పని కూడా మందగిస్తుంది. ఇన్సులిన్ బొత్తిగా చాలకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు కీటోనులనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి తెస్తాయి. అంచేత డాక్టరు చెబితే తప్ప సూది మానకూడదు. బిళ్ళల సంగతి వేరు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి తగ్గేదాకా ఆపమంటారు. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో ఒంట్లో బాగున్న రోజునే అడిగి, కాగితం మీద రాయించి, బీరువా తలుపుకి అంటించుకోండి.

జ్వరం ఉన్నన్నాళ్ళూ నాలుగు గంటలకోసారి, రాత్రిపూట కూడా, గ్లూకోమీటరుతో చూడాలి. చక్కెర ఎక్కువుంటే మంచినీళ్ళు, పలచటి మజ్జిగ కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. అన్నం సయించక, చక్కెర మామూలుగానో తక్కువగానో ఉంటే గంజి, జావ ఇవ్వవచ్చు. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి. వాంతులు ఆగకపోయినా, వరసగా రెండుసార్లు 300 దాటినా, ఆయాసం, కడుపునొప్పి, మగత కనిపించినా తెల్లారనిద్దామని ఆగకండి.

ఒంటి పని సంగతి దీనికి సరిగ్గా ఎదురు. మా వేటపాలెంలో గుంటమగ్గం మీద కూర్చున్నవాళ్ళకి చేతులకీ, కాళ్ళకీ కూడా పనే. పండగ ముందు రెండు గంటలు ఎక్కువ నేస్తే, ఎప్పటి అన్నమే తిని ఎప్పటి మందే వేసుకున్నా చక్కెర పడిపోవచ్చు. పనిచేసే కండరాలు రక్తంలోని చక్కెరను లాగేసుకుంటాయి. పని ఆపాక కూడా, ఒక్కోసారి రాత్రి నిద్రలోనూ అది సాగుతుంది. పట్నంలో మీకు మగ్గం లేకపోతేనేం, బూజులు దులిపే రోజు, పెళ్ళిపనుల రోజు లేవూ? ఇక కార్తీక పౌర్ణమికి ఉపవాసముండి, రామాపురం సముద్రానికి నడిచి వెళ్ళి, అలల్లో స్నానం చేస్తామంటే మందు సంగతి ముందే మాట్లాడుకోవాలి. తొడకి సూది వేసుకుని వెంటనే నడిస్తే మందు తొందరగా ఎక్కుతుంది. అటువంటి రోజు పొట్టమీద వేసుకోవడం మేలు.

ఇదంతా విని నడక మానేయకండి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమనే డాక్టర్లు చెబుతున్నారు. చెప్పులు మాత్రం వదలవద్దు. తిమ్మిరెక్కిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

చెమటలు, వణుకు, గుండెదడ, కారణం లేని చిరాకు కనిపిస్తే చక్కెర చూడండి. 70కి తగ్గితే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి ఇచ్చి, పెరిగాక ఏదైనా తినిపించాలి. మా ఊరి జీడిపప్పు ఎంత పేరున్నదైనా ఈ సమయంలో అక్కరకు రాదు. అందులో కొవ్వెక్కువ, చక్కెర త్వరగా అందదు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.