చేరదీసిన గుఱ్ఱమునకు నొప్పి యెక్కడ?

కుక్క కాలు త్రొక్కినచో వెంటనే కుయ్యోమని యరచును. గుఱ్ఱ మట్లు చేయదు. గిట్టలో మేకు దిగినను, పన్ను బుగ్గను కోయుచున్నను, నోరెత్తక నిలిచియుండును. పచ్చిక మైదానములందు తోడేళ్ళవంటి క్రూరమృగముల కాహారమగుచు వచ్చిన జాతి యది. మందలో కుంటునది ముందుగా ప్రాణము గోల్పోవును గనుక, నొప్పిని దాచుకొనుట దానికి పుట్టుకతో వచ్చిన ఆత్మరక్షణోపాయము. అందుచేత దయగలవా రెవరైన నొక గుఱ్ఱమును చెడుబ్రతుకునుండి విడిపించి తెచ్చుకొని, మేతయు నీడయు నమర్చినపిమ్మటకూడ, "ఇది యెందుకో సుఖముగా లేదు" అని వారి మనస్సునకు తోచుచుండును. ఆ "యెందుకో" యనుదానిని విప్పుట యెట్లో యీ వ్యాసమున వ్రాయుచున్నాను.

ఈ చిక్కు ఎంత గొప్పదో తెలియుటకు కైరో నగరపు వృత్తాంత మొకటి చాలును. మొదటి ప్రపంచ సంగ్రామము 1918లో ముగిసినపిమ్మట, ఆ ప్రాంతమున ఆంగ్లసైన్యమునకు సేవచేసిన గుఱ్ఱములు వేలకొలది స్వదేశమునకు మరల్చబడక అచ్చటనే యమ్మబడెను. 1930లో డొరతీ బ్రూక్ అను ఆంగ్లవనిత, అశ్వికదళ సేనానియైన తన భర్తతో కైరో చేరి, వీధులలో బరువుబండ్లు లాగుచు ఎముకలగూళ్ళైన ముసలి గుఱ్ఱములపై సైన్యపు బాణముద్రను చూచినది. 1931లో ఆమె లండను నగరపు మార్నింగ్ పోస్ట్ పత్రికకు లేఖ వ్రాయగా చదువరులు విరివిగా ధనము పంపిరి. రమారమి మూడు సంవత్సరములలో 5000 గుఱ్ఱములను ఆమె కొనగలిగెను. వాని యజమానులు కూడ కటికపేదలే; గుఱ్ఱము పోయినచో వారి కూడు పోవును. ఆమె వారిని నిందింపక వెలయిచ్చియే కొనినది. 1934లో అచ్చట నొక అశ్వవైద్యశాలను స్థాపించినది. కొన్న గుఱ్ఱములలో చాలవానికి చేయదగిన యుపకారము బాధలేని మరణ మొక్కటియే యయ్యెను. ఏ గుఱ్ఱము బ్రతుకదగినది, ఏది బ్రతికి బాధపడుటకంటె పోవుటయే మేలు అను నిర్ణయము ప్రతిదినము చేయవలసివచ్చెను. నొప్పి యెక్కడిదో, మానునదో మాననిదో తెలియక యా నిర్ణయము చేయుట యెట్లు?

మొదట చేయవలసినది దగ్గఱకు పోకుండుట. క్రొత్త మనిషి సమీపించినంతనే గుఱ్ఱము మెడ నిక్కించి ఆరోగ్యవంతమైన దానివలె నిలుచును, కుంటుకాలినికూడ నేలకానించును. కాబట్టి కొంతదూరమున, అది మనలను మఱచునంతవఱకు, ఒక పావుగంట కదలక కూర్చుండవలెను. వెనుకకాళ్ళలో నొకదానిని మడమవంచి విశ్రమింపజేయుట, కొంతసేపటికి కాలు మార్చుట సహజము. ముందుకా లొకదానిని ముందునకు చాచి దానిపై బరువు వేయకుండుట సహజము గాదు. అట్లే యది పండుకొనుచున్నదా లేదా యని రాత్రివేళ గమనింపవలెను. గుఱ్ఱము నిలిచియే కునుకగలదుగాని, గాఢనిద్రకు దినమునకు అరగంట మొదలు గంటవఱకైన పండుకొనక తప్పదు. కీళ్ళనొప్పిచేతనో, చోటుమీద నమ్మకము లేకనో చాలదినములు పండుకొననిది నిలిచినచోటనే కూలబడుచుండును. కైరోలో ముసలిగుఱ్ఱములకు మెత్తని పొట్టుపాన్పు పఱచినపుడు, వికృతముగా పెరిగిన వాని గిట్టల కా మెత్తదనము తగిలి, నమ్మలేనట్లు ఆగి, వాసనచూచి, మెల్లగా క్రిందికి వాలెడివని బ్రూక్ దొరసాని వ్రాసికొన్నది.

పిమ్మట ముఖము. మన పూర్వులు గుఱ్ఱమును కొనునపుడు సుడులను లెక్కపెట్టెడివారు. సుడిని బట్టి యజమానికి శుభమో యశుభమో చెప్పవచ్చునని నమ్మిరేమో గాని, గుఱ్ఱమునకు సుఖమో దుఃఖమో సుడి చెప్పదు. అది చెప్పునవి చెవులు, కన్నులు, దవడలు. 2014లో ఐరోపా పరిశోధకులు గుఱ్ఱపు ముఖమున నొప్పిని తెలుపు గుర్తు లాఱింటిని ప్రకటించిరి: చెవులు బిగుసుకొని వెనుకకు తిరుగుట, కన్ను కొంత మూతపడుట, కంటిపై భాగము బిగియుట, నమలెడి కండరములు ఉబ్బికనబడుట, పెదవులు బిగిసి గడ్డము పొడుచుకొనివచ్చుట, నాసాపుటములు బిగుసుకొనుట. ఒక్కొక్కదానికి సున్న మొదలు రెండువఱకు గుణములు వేసి కూడినచో నొప్పి పరిమాణ మించుమించుగా తెలియును. పరీక్షల మార్కులకు భయపడెడి మన బాలురకు ఈ లెక్క సులభముగా పట్టుబడగలదు.

గడియారమున్నచో మఱికొంత తెలియును. నెమ్మదిగానున్న పెద్దగుఱ్ఱపు నాడి నిమిషమునకు 28 మొదలు 44 సారులు కొట్టుకొనును. దవడ యెముక క్రింద వ్రేళ్ళుంచినచో దొరకును. శ్వాస 8 మొదలు 16 సారులు. వేడిమి 99 మొదలు 101 డిగ్రీలు. పరుగెత్తకయే, బెదరకయే నాడి 60 దాటుచున్నయెడల, ఆ గుఱ్ఱ మెంత నిశ్శబ్దముగా నిలిచినను లోపల తీవ్రమైన బాధ నోర్చుకొనుచున్నదని యనుమానించి తడవుసేయక పశువైద్యుని పిలువవలెను.

ఇక నొప్పి సాధారణముగా దాగుచోటులను వరుసగా వెదకుదము. ముందు గిట్టలు, ఏలయన కుంటు గుఱ్ఱములలో చాలభాగమునకు దోషము అచ్చటనే యుండును. గిట్ట మన గోరువంటిదే. నెలకు 6 మొదలు 10 మిల్లీమీటర్లు పెరుగును. ఆఱు లేక ఎనిమిది వారముల కొకమారు చెక్కనిచో ముందునకు సాగి పడవవలె వంపుతిరిగి, నడకనంతటిని చెఱచును. గిట్ట యడుగున మధ్య త్రిభుజాకారముగ మెత్తని భాగ మొకటి గలదు. దాని ప్రక్కల గాడులలో బురదయు లద్దియు చేరి నల్లని ద్రవము కాఱుచు దుర్గంధము కొట్టుచున్నచో, కుళ్ళు పట్టిన దన్నమాట. ఒకనాడు బాగుగనుండి మఱునాడు కాలు నేల మోపలేనిదైనచో, లోపల చీముపట్టిన దనుకొనవచ్చును. లాడములు కొట్టువాని మేకు మెత్తని మాంసమునకు తగిలినను ఇట్లే యగును. చీము బయటికి తీసిన గడియకే గుఱ్ఱ మూపిరి పీల్చుకొనును. గుఱ్ఱమునకు ధనుర్వాత భయము మిక్కుటము గనుక, గాయమెంత చిన్నదైనను ఆ టీకా వేయించినది లేనిది విచారింపవలెను.

వీనికంటె భయంకరమైనది గిట్టలోని రేకుల వాపు. గిట్టగోడను లోపలి యెముకతో బిగించిపట్టునవి వందలకొలది సన్నని రేకులు. ఇవి వాచినపుడు, గుఱ్ఱపు బరువంతయు వ్రేలాడు కట్టు సడలి, యెముక తిరుగనైన తిరుగును, క్రిందికి దిగనైన దిగును. అట్టి గుఱ్ఱము ముందుకాళ్ళను చాచి, బరువును వెనుకకు వేసి, నిప్పులపై నిలిచినట్లు నిలుచును, త్రిప్పబోయిన తిరుగదు. గిట్ట వేడిగానుండును. గిట్టకు పైన వెనుకవైపున వ్రేలుంచినచో నాడి గట్టిగా కొట్టుకొనుచుండును. దీనిని మొండితనమని యెంచి కొరడా నెత్తినవా రెందఱో.

ఏ కాలు కుంటుచున్నదో కనుగొనుటయందు చూచువారు తఱచు పొరపడుదురు. గట్టినేలపై నెమ్మదిగా దుడికించి, తలను చూడుడు. నొప్పిగల ముందుకాలు నేల నానునపుడు గుఱ్ఱము బరువు తగ్గించుకొనుటకై తల నెత్తును. మంచికాలానునపుడు తల దించును. తల దించిన కాలే చెడినదని మనము తలంతుము, నిజమునకు రెండవది.

గిట్టల తరువాత నోరు. గుఱ్ఱపు పైదవడ క్రిందిదవడకంటె వెడల్పు. దంతములు జీవితమంతయు కొద్దికొద్దిగా బయటికి వచ్చుచు, నములుటచే నరుగుచుండును. వెడల్పులో భేదముండుటచేత పైపండ్ల వెలుపలి యంచులును, క్రిందిపండ్ల లోపలి యంచులును అరుగక కత్తివాదరవలె మిగులును. అవి బుగ్గను, నాలుకను కోయును. అప్పుడు గుఱ్ఱము తల నొకప్రక్కకు వంచి నమలును; గడ్డిని సగము నమలి ఉండలుగా క్రింద విడుచును; లద్దిలో పొడవైన గడ్డిపోచ లట్లే కనబడును. తొట్టి నిండుగనుండగా బక్కచిక్కిపోవుచున్న గుఱ్ఱమును చూచి, మేత యొంటబట్టుట లేదని మంత్రముల వానిని పిలిపించుటకంటె, లద్దిని కఱ్ఱతో విడదీసి చూచుట మేలు. వైద్యుడు మత్తిచ్చి, ఆకురాయితో ఆ యంచులను నున్నగా జేసినయెడల పక్షము దినములలోనే మార్పు కనబడుట కలదు. ఒక్క ముక్కుపుటమునుండి మాత్రమే చెడువాసనగల చీమిడి కాఱుచున్నచో పంటివేరు కుళ్ళినదేమో చూడవలెను. కళ్ళెపు టినుము రాచిన పుండ్లుకూడ నోటనే యుండును.

మూపుమీదను వెన్నుమీదను తెల్లవెండ్రుకల మచ్చలున్నచో, అవి పుట్టుమచ్చలు గాకపోవచ్చును. సరిపడని జీను ఒత్తి, చర్మము చచ్చి, మరల మొలచిన రోమములు తెల్లనైనవి. జీను కంటబడినంతనే చెవులు వెనుకకు మరల్చి కఱవవచ్చు గుఱ్ఱమునకు వెన్నున చేయి మెల్లగా నొక్కుచు పోయినచో దాని కోపకారణము దొరకవచ్చును. మన పట్టణములలో జట్కాలు దాదాపుగ మాయమైనవిగాని, పెండ్లి యూరేగింపులందును, విశాఖ మన్యపు కొండదారులలో బియ్యము ఉప్పు మోయు తట్టువులందును ఈ మచ్చలను నేటికిని చూడవచ్చును.

ఇప్పుడు, చేరదీసినవారి ప్రేమవలననే కలుగు ఆపద. ఆకలిచే కృశించిన గుఱ్ఱమును చూచినవారు తొట్టినిండ ఉలవలగుగ్గిళ్ళు పోయుదురు. తినుచున్నదిగదా యని సంతోషింతురు. మూడు నాలుగు దినములలో అది చచ్చిపోవును. కారణ మిది: చాలకాలము తిండిలేని శరీరము తన క్రొవ్వును, కండను కరగించుకొని బ్రతుకుచుండును. అకస్మాత్తుగా పిండిపదార్థము వచ్చి పడగానే, దానిని వాడుకొనుటకై రక్తములోని భాస్వరము, మెగ్నీషియము మొదలగు లవణములు ఒక్కుమ్మడిగా కణములలోనికి పోవును. రక్తము వానిలేమిచే చెడి, హృదయమును ఊపిరికండరములును నిలిచిపోవును. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము చెఱలనుండి విడుదలైన మనుష్యులయందును వైద్యులు దీనినే చూచిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో కృశించిన గుఱ్ఱములపై పరిశోధించి ఆకులతోనిండిన లూసర్న్ ఎండుగడ్డి శ్రేష్ఠమని తేల్చిరి. మొదటి మూడుదినములు నాలుగుగంటల కొకమారు అరకిలోకు మించకుండ, పిమ్మట పదవదినమువఱకు మెల్లమెల్లగా హెచ్చించుచు పెట్టవలెనని వారి పద్ధతి. ఇది పెద్దగుఱ్ఱముల లెక్క. మన చిన్న తట్టువులకు వైద్యు డింకను తగ్గించును. నీరు మాత్రము ఎల్లప్పుడు దగ్గఱనుండవలెను.

గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. తిన్నది వికటించినచో వెడలుటకు వెనుకదారి యొక్కటియే. డొక్కవైపు తిరిగితిరిగి చూచుట, ముందుకాలితో నేలగీరుట, పండుకొని లేచుట, పొర్లుట, లద్ది వేయకుండుట, ఇవి శూలలక్షణములు. ఇందు ఆలోచించుచు కూర్చుండుటకు వ్యవధి లేదు.

పైని చెప్పిన చోట్లన్నియు వెదకినను ఏమియు కనబడక, గుఱ్ఱము వచ్చిపోవు జ్వరముతో నీరసించుచు, కాళ్ళును పొట్టక్రిందును నీరుపట్టుచున్నచో నెత్తురు పరీక్షింపవలెను. జోరీగలు కుట్టుటచే వ్యాపించు సుర్రా యను వ్యాధి యట్టిది. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అను పశువైద్యుడు, నేడు పాకిస్తానములో చేరియున్న డేరా ఇస్మాయిల్ ఖాన్ నందు, రోగపు గుఱ్ఱముల రక్తమును సూక్ష్మదర్శినిలో చూచి, అందు మెలికలు తిరుగుచు నీదుచున్న క్రిములే కారణమని కనిపెట్టెను.

వెదకుటలో నొక క్రమ మవసరము. లాడము, జీను, మేత, మందు అన్నియు నొకేదినమున మార్చినయెడల, గుఱ్ఱము బాగుపడినను దేనిచేత బాగుపడినదో తెలియదు. ఒకదాని నొకమారు మార్చి, పుస్తకమున వ్రాసి, కొన్నిదినములు చూడవలెను. కుంటును కనిపెట్టుటకు వైద్యులు చేయు పని యిట్టిదే. కాలి క్రిందిభాగమున ముందుగా మత్తుమందెక్కించి నడిపింతురు. కుంటు పోనిచో కొంచెము పైన, మఱికొంచెము పైన. ఏ భాగము మొద్దుబాఱగానే నడక చక్కబడునో, నొప్పి యచ్చటనే.

నొప్పి యేమియు లేకయే బెదరెడి గుఱ్ఱములును గలవు. పూర్వము కొట్టినవాని తలపాగవంటిది చూచిన వణకును, పిల్లవాడు పోయిన చేతిలో మేయును. అట్టిదానికి భయమే రోగము. అయితే భయమను నిర్ణయమునకు చిట్టచివర రావలెను; గిట్టయు నోరును చూడకయే పొగరని భయమని పేరుపెట్టుట సోమరితనము. నొప్పిచే వచ్చిన దురుసుతనమో కాదో తేల్చుటకు వైద్యుడు కొన్నిదినములు నొప్పినడచు మందిచ్చి చూచుటయు గలదు. ఆ దినములలో నెమ్మదించి, మందు మానగానే మరల కఱచిన గుఱ్ఱమును పొగరుబోతనుటకు వీలులేదు.

మిక్కిలి కృశించిన గుఱ్ఱము మామూలు బరువునకు వచ్చుటకు 3 మొదలు 5 నెలలు పట్టును. కండ నిండి వెన్నెముక కప్పబడునంతవఱకు, అది యెంత హుషారుగ సకిలించినను, వీపుపై జీను వేయరాదు.