కాలువ దాటేలోగా కొత్త ఆట!

ఓడ ఆగింది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. కానీ దిగడానికి వీల్లేదు. ఏం చేస్తారు? పేక కలుపుతారు!

1925 అక్టోబరు 31. లాస్ ఏంజెలెస్ నుంచి హవానా వెళ్తున్న 'ఫిన్లాండ్' ఓడ, పనామా కాలువ దగ్గర బాల్బోవా చేరేసరికి పొద్దుపోయింది. అందులో ఉన్న అమెరికా కోటీశ్వరుడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ముగ్గురు స్నేహితులతో ఆటకు కూర్చున్నాడు. అప్పటి ఆక్షన్ బ్రిడ్జిలో భయంభయంగా తక్కువ పాడి ఎక్కువ పట్లు పట్టినా, అన్నీ గేములో కలిసిపోయేవి. మరి ధైర్యంగా పాడినవాడికి ఒరిగేదేమిటి? ఫ్రెంచివాళ్ల 'ప్లాఫోన్'లో ఎన్ని పాడితే అన్నే లెక్క. ఆ పద్ధతి బాగుంది కానీ స్కోరింగే ఆయనకు రుచించలేదు.

ఆ రాత్రి ఓ యువతి ఆటలో చేరి, చైనాలో ఆడిన ఆటంటూ ఏవో వింత నిబంధనలు చెప్పిందట. వాండర్‌బిల్ట్‌కి విసుగెత్తిపోయిందని స్నేహితుడు ఫ్రాన్సిస్ బేకన్ (ఆ తత్వవేత్త కాదు లెండి!) తర్వాత గుర్తుచేసుకున్నాడు. మర్నాడు ఓడ కాలువ దాటుతుండగా ఆయన కొత్త స్కోరు పట్టిక రాసేశాడు. 13 పట్లలో 12 పడతామని ముందే పాడి నెగ్గితే భారీ బోనస్. పాడకుండా పడితే అది దక్కదు. నవంబరు 1 రాత్రే తొలి కాంట్రాక్ట్ బ్రిడ్జి!

ఒక గేము గెలిచిన జట్టుకు ఆ తర్వాత తప్పితే జరిమానా ఎక్కువ. ఆ స్థితికి 'వల్నరబుల్' అని పేరు సూచించింది ఆ యువతే. ఆమె పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

పట్టిక దాదాపు అలాగే ఉంది. తురుపు లేని ఆటలో అప్పుడు పట్టుకు 35 పాయింట్లు, ఇప్పుడు మొదటిదానికి 40, మిగతావాటికి 30.