మోకాళ్ల నొప్పి - శస్త్రచికిత్సకు సమ్మతింపవచ్చునా?



మన యిండ్లలో ముదుసలి స్త్రీల మోకాళ్ల నొప్పిని రోగముగా నెంచువారు తక్కువ. "వయసు మీఱినది గదా" యని యొక్క మాటతో దానిని త్రోసివేయుదురు. ఆ తల్లియు నదే మాట ననుకొని, గోడ పట్టుకొని నడచుచు దినములు గడపును. మా యత్తగారును ఆఱు సంవత్సరము లట్లే గడపిరి. ఆమెకు 68 యేండ్లు. ఎప్పు డడిగినను "ఏమియు లేదమ్మాయీ" యనెడివారు. ఒక యేకాదశినాడు దేవుని గూటిముందు గూర్చుండి లేవలేక, నేను అంగడినుండి వచ్చువఱకు అర్ధగంటసేపు నేలపైననే యుండిరి. ఇరుగువారిని బిలుచుట కామెకు మనసొప్పలేదు. నాడు గాని మాకు కనువిప్పు కలుగలేదు.

మాది అనంతపురము సీమ. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన గురియు మెట్టభూమి. మావైపు బుడ్డలనెడి వేరుసెనగయే ప్రధానమైన పంట. కలుపు తీయుట మొదలు కాయలు కోయుటవఱకు స్త్రీలు గొంతుకూర్చుండియే చేయుదురు. దానికితోడు దూరమునుండి నీళ్లబిందెలు మోయుట. ఇట్లు చిరకాలము వంగి, కూర్చుండి, బరువులెత్తువారికి మోకాటి కీలు అరుగుట యెక్కువయని వైద్యులు చెప్పుదురు. ఇంకొక చిక్కు గలదు. ఈ సీమలో పెక్కుచోట్ల భూగర్భజలములందు ఫ్లోరైడు హెచ్చు. దానివలన గూడ ఎముకలును కీళ్లును బిగిసి నొప్పిపెట్టును. ఈ వ్యాధి నెల్లూరు జిల్లాలో నున్నట్లు 1937లోనే వైద్యులు ప్రకటించిరి. కావున ప్రతి మోకాటినొప్పియు నరుగుదల గాదు. మొదట ఎక్స్‌రే తీయించి కారణ మెఱుగవలెను.

కీళ్లను బట్టు వాతమునుగూర్చి చరకసంహితయందే కలదు. నేటి వైద్యులు చెప్పునది యిది: తొడయెముకకును పిక్కయెముకకును నడుమ ఒఱపిడి లేకుండ జేయు మృదులాస్థి క్రమముగా నరిగిపోవును. శస్త్రచికిత్సలో మోకాలంతయు దీసివేయుదురని మన వీథిలో ననుకొనుట పొరపాటు. అరిగిన యెముకల చివళ్లను మాత్రము చెక్కి, లోహపు తొడుగులు దొడిగి, నడుమ గట్టి ప్లాస్టిక్ పలక నమర్చుదురు.

అయినను కత్తి తుదిమార్గము. దానికి ముందు చేయదగినవి కలవు. శరీరపు బరువు తగ్గించుకొనవలెను. కుర్చీలో గూర్చుండి కాలు చాచి యెత్తి, కొంతసేపు నిలిపి దింపుచు తొడకండరములకు బలము గూర్చవలెను. కఱ్ఱను నొప్పిగల కాలివైపు గాక రెండవచేత బట్టవలెను. ఎత్తైన మరుగుదొడ్డి పీఠ మమర్చుకొనవలెను. నొప్పిమాత్రలను వైద్యు నడుగక నెలల తరబడి మ్రింగిన కడుపునకును మూత్రపిండములకును చేటు.

ఇవన్నియు కొన్ని నెలలు చేసినను రాత్రి నిద్రపట్టక, నాలుగడుగులు వేయజాలక, ఎక్స్‌రేలో కీలు మిక్కిలి యరిగినట్లు తేలినప్పుడు శస్త్రచికిత్సనుగూర్చి యోచింపవలెను. వయసొక్కటియే యడ్డు గాదు. ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు 75వ యేట, 2000 అక్టోబరులో, ముంబయిలో డాక్టరు చిత్తరంజన్ రణావత్ చేత ఎడమ మోకాలికిని, మఱుసటి యేడు జూనులో కుడి మోకాలికిని చికిత్స చేయించుకొని, 2004వఱకు పదవి నిర్వహించిరి.

దీని పరిమితులును దెలియవలెను. 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశీలన ననుసరించి, నూటికి సుమారు 82 కీళ్లు ఇరువదియైదేండ్లు నిలుచును. అయినను అయిదుగురిలో నొకరికి పూర్తి తృప్తి కలుగదని వైద్యులే యొప్పుకొందురు. పుండు చీము పట్టుట, కాలిసిరలలో నెత్తురు గడ్డకట్టుట యను నపాయములు గలవు. మధుమేహమున్నచో ముందు దానిని అదుపులో నుంచవలెను. ఒకటి రెండు దినములలోనే నడిపింతురు గాని, తరువాతి వారముల వ్యాయామము బాధాకరము. దానిని విడిచినవారికి కీలు బిగిసిపోవును. గొంతుకూర్చుండుట మాత్రము మఱి కూడదని పెక్కువైద్యులు చెప్పుదురు.

ఇక వ్యయము. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము కృత్రిమ కీలుకు గరిష్ఠధర నిర్ణయించెను. సాధారణముగా వాడు కోబాల్టు క్రోమియము కీలుకు, పన్ను గాక, నాడు 54,720 రూపాయలు. ఆ ధర అప్పుడప్పుడు సవరింపబడును. గదియు, వైద్యుని రుసుమును వేఱు. కాబట్టి కీలు వెల యెంత, తక్కినది యెంతయని విడివిడిగా వ్రాయించుకొనుడు. అప్పు చేయుటకు ముందు ప్రభుత్వాసుపత్రిలో ఎముకల వైద్యుని దర్శింపుడు.

మావారు బడిపంతులు. మేము మొదట నొక పట్టణమున ప్రైవేటు వైద్యునికడకు బోయితిమి. ఆయన మా యత్తగారి మొగముకూడ జూడక, రెండు మోకాళ్లు నీ వారమే చేయింపుడని మావారితో జెప్పెను. మావారు అప్పునకు సిద్ధపడిరి. అత్తగారు మాటాడలేదు. ఆ రాత్రి కాళ్లకు కాపడము పెట్టుచు, "అత్తయ్యా, మీ మనసులో నేమున్నది?" యని యడిగితిని.

"ఇన్నాళ్లకు నన్నడిగినది నీవే యమ్మాయీ. కత్తికి భయపడను. మంచమున బడి నీచేత చాకిరి చేయించుకొనవలసి వచ్చునేమో యని భయము" అనిరి.

ఆ మాట విన్నపిమ్మట మేము తొందరపడలేదు. వేఱొక వైద్యుని సలహా గైకొంటిమి. మూడు నెలలు వ్యాయామము చేయించితిని. ఎడమకాలు కొంత తేఱెను. కుడికాలికి గుణము గనబడలేదు. అప్పు డామెయే, "కుడికాలొక్కటియే చేయింపుడు" అని నిర్ణయించిరి. పదినెలలైనది. మొదటి నెల కన్నీళ్లతో గడచెను. నేడు వీథిచివరి కోవెలకు ఒంటరిగా బోయివచ్చుచున్నారు. నేలపై గూర్చుండలేరు, పూజ యెత్తుపీటపైననే. "కూర్చుండిన యెత్తును దేవుడు కొలుచునా?" యని తామే నవ్వుదురు.

కాబట్టి, సోదరీమణులారా, ఖర్చు లెక్కించుటకును, బంధువుల నడుగుటకును ముందు ఆ మోకాలు ఎవరిదో వారి నడుగుడు. వారు వలదన్న నెందుకు వలదనిరో వినుడు. ఆ భయము తీఱదగినదైన తీర్పుడు. తీఱనిదైన వారి మాటనే మన్నింపుడు. సరే యనినచో, శస్త్రచికిత్స తరువాతి మూడు నెలలు ఎవరెవ రేయే పని చేయుదురో ఆనాడే పంచుకొనుడు. ఆ భారము వైద్యుడు మోయడు, ఇంటివారే మోయవలెను.